కళలు, కమ్యూనికేషన్ కోర్సులు: దరఖాస్తుకు ముందు పోల్చి చూసుకోవడం

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న మీలో కొందరికి ఆ తరువాత పత్రికారచన, రేడియో, టెలివిజన్, నాటకం, నృత్యం, చిత్రకళ వంటి రంగాలలో పీజీ చేయాలన్న కోరిక ఉంటుంది. ఎంబీఏ, బీఎడ్, న్యాయశాస్త్రం గురించి చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. కోచింగ్ కేంద్రాలు ఉన్నాయి, ముందు చదివిన అన్నలు, అక్కలు ఉన్నారు. కళలు, కమ్యూనికేషన్ కోర్సుల విషయంలో అలాంటి ఆసరా తక్కువ. దూరవిద్యలో చదివేవారికి తోటి విద్యార్థులతో రోజూ మాట్లాడే వీలు కూడా ఉండదు. అందువల్ల చాలామంది కోర్సు పేరు, విశ్వవిద్యాలయం పేరు, ఫీజు మాత్రమే చూసి దరఖాస్తు చేస్తారు. రెండేళ్ల కాలాన్ని, చేస్తున్న ఉద్యోగాన్ని, ఇంటివాళ్లు కూడబెట్టిన డబ్బును పణంగా పెట్టే నిర్ణయానికి ఆ వివరాలు చాలవు.

ఈ పాఠంలో హైదరాబాదులోని మూడు విశ్వవిద్యాలయాలను ఉదాహరణగా తీసుకొని, ఈ కోర్సులను ఏయే అంశాల ఆధారంగా పోల్చాలో చూద్దాం. వాటిలో ఏది గొప్పదో తేల్చడం మన ఉద్దేశం కాదు. రెండేళ్లలో అక్కడ మీరు ఏ పని చేస్తారు, ఎన్ని గంటలు చేస్తారు, ఏ భాషలో చేస్తారు అన్న మూడు ప్రశ్నలే పోలికకు అసలు ఆధారాలు.

పేర్లను అర్థం చేసుకోవడం

మొదట 'ఆర్ట్స్' అన్న మాటనే తీసుకోండి. మన వాడుకలో ఆర్ట్స్ గ్రూపు అంటే చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి ఎవరూ బొమ్మలు గీయడం నేర్చుకోవడానికి వెళ్లరు. కానీ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్ పేరులో ఉన్న 'ఆర్ట్స్' అంటే నృత్యం, నాటకం, సంగీతం, లలితకళలు. బీఏ చదివాను కాబట్టి అక్కడి ఆర్ట్స్ కోర్సులన్నింటికీ అర్హత ఉందనుకొని నా దగ్గరకు వచ్చినవారు ఒకరిద్దరు కాదు.

ఇక లలితకళలకు, ప్రదర్శన కళలకు తేడా తెలియాలి. చిత్రలేఖనం, శిల్పం, ముద్రణ చిత్రకళ వంటివి లలితకళల కిందికి వస్తాయి. వీటిలో పీజీని ఎంఎఫ్ఏ అంటారు. దీనికి సాధారణంగా బీఎఫ్ఏ చదివి ఉండాలి. నాటకం, నృత్యం, సంగీతం ప్రదర్శన కళలు. వీటిలో పీజీని కొన్నిచోట్ల ఎంపీఏ అని, కొన్నిచోట్ల ఎంఏ అని పిలుస్తారు. నాటక కోర్సుకు ఏ డిగ్రీ అయినా సరిపోయే సందర్భాలు ఎక్కువ, అయితే అభినయ పరీక్షలో నెగ్గాలి. నృత్యానికి వచ్చేసరికి అప్పటికే ఏళ్ల తరబడి శిక్షణ పొంది ఉండాలి. బీఏ పూర్తిచేసి, ఇంటి దగ్గర చక్కగా బొమ్మలు గీసే విద్యార్థికి ఎంఎఫ్ఏ తలుపు చాలాచోట్ల మూసి ఉంటుంది. ఇది అన్యాయంగా కనిపించవచ్చు. కానీ నోటిఫికేషన్‌లో ఆ ఒక్క వాక్యం చదవకపోతే దరఖాస్తు రుసుము వృథా అవుతుంది.

కమ్యూనికేషన్ వైపు పేర్లు ఇంకా తికమకగా ఉంటాయి. జర్నలిజం అంటే ప్రధానంగా వార్తను సేకరించడం, రాయడం, దిద్దడం. మాస్ కమ్యూనికేషన్‌లో దానితోపాటు ప్రకటనలు, ప్రజాసంబంధాలు, సినిమా, ప్రసార మాధ్యమాలు చేరతాయి. వట్టి కమ్యూనికేషన్ అని ఉంటే అది తరచుగా సామాజిక శాస్త్రాల దారిలో నడిచే కోర్సు. అందులో సమాజంపై మాధ్యమాల ప్రభావం, అభివృద్ధి, పరిశోధనా పద్ధతులు ఎక్కువగా ఉంటాయి. ఈ విభజన గట్టి నియమమేమీ కాదు. జర్నలిజం అన్న పేరుతో సిద్ధాంతాలే బోధించే శాఖలు ఉన్నాయి, కమ్యూనికేషన్ అన్న పేరుతో కెమెరా చేతికిచ్చే శాఖలూ ఉన్నాయి. కాబట్టి పేరు చూసి ఒక అంచనాకు రండి, సిలబస్ చూసి దాన్ని సరిచేసుకోండి.

ఒకే నగరం, మూడు రకాల సంస్థలు

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అక్కడ జర్నలిజం బోధన 1954 నుంచి ఉంది. దేశంలో ఈ విషయాన్ని తొలినాళ్లలో బోధించిన విశ్వవిద్యాలయాలలో అది ఒకటి. ఇది రాష్ట్ర విశ్వవిద్యాలయం. ఇక్కడి ప్రవేశాలు తెలంగాణ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా జరుగుతాయి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో దాని తొలి అడుగులు పడ్డాయి. 1988లో మొదలైన సరోజినీ నాయుడు స్కూల్‌లో కళల శాఖలు, కమ్యూనికేషన్ శాఖ ఒకే గొడుగు కింద ఉన్నాయి. ఈ అమరికకు ప్రయోజనం ఉంది. డాక్యుమెంటరీ తీయాలనుకునే విద్యార్థికి నాటక శాఖ రంగస్థలం, లలితకళల శాఖ స్టూడియో నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాయి. విశ్వవిద్యాలయానికి 'బోల్ హైదరాబాద్' అనే సామాజిక రేడియో కేంద్రం కూడా ఉంది. ప్రవేశాలు సీయూఈటీ-పీజీ అనే జాతీయ స్థాయి పరీక్ష ద్వారా జరుగుతాయి. దేశం నలుమూలల నుంచి విద్యార్థులు వస్తారు. బోధన ఆంగ్లంలో సాగుతుంది.

మూడవది 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం. చాలాకాలం పొట్టి శ్రీరాములు పేరుతో ఉన్న ఈ విశ్వవిద్యాలయానికి తెలంగాణ ప్రభుత్వం ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. గోలకొండ పత్రిక సంపాదకుడి పేరుతో ఉన్న చోట పత్రికారచన చదవడం ఒక చిన్న సంతోషం. ఇక్కడ సంగీతం, నృత్యం, నాటకం, జానపద కళలు, చిత్రలేఖనం, శిల్పం వంటి విభాగాలు తెలుగు సాంస్కృతిక సంప్రదాయాన్ని కేంద్రంగా చేసుకొని పనిచేస్తాయి. నోటిఫికేషన్ విడిగా వస్తుంది కాబట్టి దానికోసం ప్రత్యేకంగా కనిపెట్టుకొని ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లోని విద్యార్థులు ఇదే పద్ధతిలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని, స్త్రీలయితే తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాన్ని పోల్చి చూడవచ్చు. అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్ ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో స్థానికత నిబంధన వర్తిస్తుంది, కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో అది ఉండదు.

సిలబస్‌ను గంటలలోకి మార్చడం

ఇది ఈ పాఠంలో ముఖ్యమైన భాగం. కాగితం, కలం దగ్గర పెట్టుకొని చదవండి.

మీరు ఎంచుకున్న ప్రతి కోర్సు సిలబస్‌ను శాఖ వెబ్‌సైట్ నుంచి తీసుకోండి. అందులో ప్రతి పేపర్‌కు ఎదురుగా క్రెడిట్లు ఉంటాయి. ఒక క్రెడిట్ అంటే ఒక సెమిస్టర్‌లో 15 గంటల తరగతి బోధన. ప్రాక్టికల్, స్టూడియో పని అయితే ఒక క్రెడిట్‌కు 30 గంటలు. అంటే నాలుగు క్రెడిట్ల థియరీ పేపర్‌కు 60 గంటలు, నాలుగు క్రెడిట్ల ప్రాక్టికల్ పేపర్‌కు 120 గంటలు కేటాయించాలి. కొన్ని సిలబస్‌లలో ఎల్-టీ-పీ అని మూడు అంకెలు వరుసగా ఇస్తారు. అవి వారానికి ఎన్ని గంటలు ఉపన్యాసం, ఎన్ని గంటలు ట్యుటోరియల్, ఎన్ని గంటలు ప్రాక్టికల్ అని చెబుతాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. రెండు కోర్సులు ఉన్నాయి, రెండింటికీ 80 క్రెడిట్లే, రెండింటి పేరూ ఎంఏ మాస్ కమ్యూనికేషనే. మొదటి కోర్సులో 28 క్రెడిట్లు ప్రాక్టికల్ పనికి ఉన్నాయి. 28ని 30తో గుణిస్తే 840 గంటలు. రెండవ కోర్సులో ప్రాక్టికల్‌కు 8 క్రెడిట్లే, అంటే 240 గంటలు. నాలుగు సెమిస్టర్లలో కలిపి సుమారు 60 వారాల బోధన ఉంటుందనుకుంటే మొదటి చోట మీరు వారానికి 14 గంటలు, రెండవ చోట 4 గంటలు ప్రాక్టికల్ పని చేస్తారు. డిగ్రీ పత్రం మీద ఈ తేడా కనిపించదు, ఉద్యోగం కోసం పరీక్షించేవారి ముందు కూర్చున్నప్పుడు కనిపిస్తుంది.

ఇంతమాత్రాన మొదటి కోర్సే మంచిదని అర్థం కాదు. రెండవ కోర్సులో థియరీకి 72 క్రెడిట్లు, అంటే 1080 గంటలు ఉన్నాయి. పరిశోధన చేయాలని, అధ్యాపకవృత్తిలోకి రావాలని అనుకునేవారికి అదే మేలు కావచ్చు, అందులో పరిశోధనా పద్ధతులకు, సిద్ధాంత వ్యాసానికి తగిన చోటు ఉంటే. యూజీసీ నెట్ పరీక్షలో మాస్ కమ్యూనికేషన్, జర్నలిజం ఒక విషయంగా ఉంది. ప్రదర్శన కళలకు, దృశ్య కళలకు వేరు విషయాలు ఉన్నాయి. నెట్‌కు సాధారణంగా పీజీలో 55 శాతం, రిజర్వుడు వర్గాలకు 50 శాతం మార్కులు కావాలి. బోధనే మీ లక్ష్యమైతే ఈ షరతును మొదటి సెమిస్టర్ నుంచే గుర్తుంచుకోవాలి.

కాగితం మీది గంటలు తరగతి గదిలో నిజంగా జరుగుతాయా అన్నది తరువాతి ప్రశ్న. దీన్ని కూడా లెక్క వేసి చూడవచ్చు. తరగతిలో 30 మంది, శాఖలో పనిచేసే కెమెరాలు ఐదు ఉన్నాయనుకోండి. ఒక్కో కెమెరాకు ఆరుగురు. 120 గంటల పేపర్‌లో మీ చేతిలో కెమెరా ఉండేది 20 గంటలు, మిగిలిన సమయం తోటివారు చేస్తుంటే చూడటం. 'మా దగ్గర అత్యాధునిక స్టూడియో ఉంది' అని ప్రాస్పెక్టస్‌లో రాసిన వాక్యం కంటే ఈ 20 అన్న అంకె మీకు ఎక్కువ పనికివస్తుంది. శాఖకు ఫోన్ చేసి ఎన్ని కెమెరాలు, ఎన్ని ఎడిటింగ్ కంప్యూటర్లు పనిచేస్తున్నాయి, సెలవు రోజుల్లో ల్యాబ్ తెరుస్తారా అని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు. నాటక శాఖనయితే ఏడాదికి ఎన్ని నాటకాలు ప్రదర్శిస్తారు, ప్రతి విద్యార్థికీ వేదిక మీద గానీ తెర వెనుక గానీ పని దొరుకుతుందా అని అడగాలి. జర్నలిజం శాఖనయితే ప్రయోగ పత్రిక నిజంగా అచ్చవుతోందా, దాని చివరి సంచిక ఎప్పుడు వచ్చింది అని అడగాలి.

అధ్యాపకుల జాబితా

శాఖ వెబ్‌సైట్‌లో అధ్యాపకుల పేర్లు, వారి ప్రత్యేక కృషి ఉంటాయి. సిలబస్‌లో ఉన్న పేపర్లను ఆ పేర్లతో జతపరచి చూడండి. టెలివిజన్ నిర్మాణం మీద మూడు పేపర్లు ఉండి, ఆ రంగంలో కృషి చేసినవారు జాబితాలో ఒక్కరూ లేకపోతే ఆ పేపర్లు ఎవరు చెబుతారో తెలుసుకోవాలి. చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో శాశ్వత పోస్టులు ఖాళీగా ఉండి కాంట్రాక్టు, పార్ట్ టైమ్ అధ్యాపకులతో బోధన సాగుతోంది. వారిలో అద్భుతంగా చెప్పేవారు ఉన్నారు. వృత్తిలో ఉన్న సంపాదకుడు, నాటక దర్శకుడు వారానికి రెండు తరగతులు చెబితే అది లాభమే. అయితే మీ సిద్ధాంత వ్యాసాన్ని రెండేళ్ల చివర దిద్దేది ఎవరు, అప్పటికి వారు అక్కడ ఉంటారా అన్నది వేరే విషయం.

భాష

తెలుగు మాధ్యమంలో డిగ్రీ చేస్తున్న మీకు అన్నిటికంటే బరువైన అంశం ఇదే. దీన్ని చివరి నిమిషం దాకా వాయిదా వేయకూడదు.

సీయూఈటీ-పీజీ ప్రశ్నపత్రం భాషా విషయాలకు తప్ప మిగిలినవాటికి ఆంగ్లంలో, హిందీలో ఉంటుంది. తెలుగులో ఉండదు. విషయం బాగా తెలిసిన తెలుగు మాధ్యమ విద్యార్థి కూడా ప్రశ్నను అర్థం చేసుకోవడానికే ఎక్కువ సమయం తీసుకుంటాడు. అందువల్ల ఈ పరీక్ష రాయదలచినవారు పాత ప్రశ్నపత్రాలను ఆంగ్లంలోనే, గడియారం పెట్టుకొని సాధన చేయాలి. మీ డిగ్రీ పాఠ్యాంశాలలోని పారిభాషిక పదాలకు ఆంగ్ల రూపాలను ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం ఈరోజే మొదలుపెట్టవచ్చు.

ప్రవేశం దొరికిన తరువాత సంగతి ఇంకా ఆలోచించదగ్గది. ఆంగ్లంలో పాఠం విని అర్థం చేసుకోవడం రెండు మూడు నెలల్లో అలవాటవుతుంది. ఆంగ్లంలో వార్త రాయడం, చర్చలో నోరు విప్పడం అంత త్వరగా రావు. మొదటి సెమిస్టర్ అంతా వెనుక బెంచీలో మౌనంగా గడిపి, రెండవ ఏడాదికి తరగతిలో ముందు వరుసకు వచ్చిన తెలుగు మాధ్యమ విద్యార్థులను చూశాను. మధ్యలో చదువు మానేసినవారినీ చూశాను. వారి మధ్య తేడా తెలివితేటలలో లేదు. తొలి ఆరు నెలలు ఎంత కష్టంగా ఉంటాయో ముందుగా తెలిసి వచ్చినవారు నిలబడ్డారు. కాబట్టి శాఖను ఈ ప్రశ్నలు అడగండి: పరీక్ష తెలుగులో రాయవచ్చా, ప్రయోగ పత్రిక ఏ భాషలో వస్తుంది, ప్రాజెక్టు తెలుగులో చేయనిస్తారా, ఆంగ్లంలో వెనుకబడినవారికి అదనపు తరగతులు ఉన్నాయా?

దీనికి రెండో వైపు కూడా ఉంది. మీరు పనిచేయాలనుకునేది తెలుగు పత్రికలో, తెలుగు చానల్‌లో, తెలుగు నాటకరంగంలో అయితే ఆంగ్లంలో రెండేళ్లు చదివి తెలుగులో రాయడం మరచిపోవడం తెలివైన పని కాదు. తెలుగు దినపత్రికలలో కొన్ని సొంత జర్నలిజం పాఠశాలలను నడుపుతున్నాయి. పరీక్ష పెట్టి ఎంపిక చేసుకుంటాయి, శిక్షణ కాలంలో భృతి ఇస్తాయి, ఆ తరువాత కొంతకాలం అక్కడే పనిచేయాలని ఒప్పందం రాయించుకుంటాయి. అక్కడ విశ్వవిద్యాలయ డిగ్రీ రాదు, కాబట్టి నెట్‌కు, పరిశోధనకు అది దారి కాదు. కానీ డెస్క్ మీద తెలుగు రాయడమే మీ కోరికయితే పీజీ కంటే అది దగ్గరి దారి కావచ్చు. ఒప్పంద పత్రంలో ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్న షరతులు చదవకుండా మాత్రం సంతకం చేయకండి. నటన, దర్శకత్వం కోరుకునేవారు ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాలను కూడా పోలికలోకి తీసుకోవాలి. దాని మూడేళ్ల డిప్లొమాకు డిగ్రీతోపాటు కొన్ని నాటకాలలో పనిచేసిన అనుభవం కావాలి, హిందీ, ఆంగ్లం తెలిసి ఉండాలి. విద్యార్థులకు ఉపకారవేతనం ఇస్తారు.

సార్వత్రిక విశ్వవిద్యాలయ విద్యార్థి ప్రత్యేకంగా చూడవలసినవి

మన డిగ్రీ చెల్లుతుందా అన్న భయం చాలామందిలో ఉంది. గుర్తింపు పొందిన సంస్థ నుంచి నిబంధనల ప్రకారం పొందిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. ఎవరైనా కాదంటే ఆ ప్రకటన ప్రతిని చూపించండి.

అయితే ఇంటర్మీడియట్ లేకుండా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరినవారు ఒక విషయం జాగ్రత్తగా చూడాలి. కొన్ని విశ్వవిద్యాలయాలు 10+2+3 పద్ధతిలో చదివి ఉండాలని నోటిఫికేషన్‌లో రాస్తాయి. అలాంటి వాక్యం కనిపిస్తే దరఖాస్తు చేసేముందే ప్రవేశాల విభాగానికి లేఖ గానీ ఈమెయిల్ గానీ రాసి, జవాబును భద్రపరచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట కౌన్సెలింగ్ రోజున పనికిరాదు.

పీజీ కూడా దూరవిద్యలోనే చేయాలనుకునేవారు ఉంటారు. జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ దూరవిద్యలో దొరుకుతుంది. దృశ్య కళలను మాత్రం దూరవిద్య పద్ధతిలో నడపరాదని యూజీసీ నిషేధించిన కోర్సుల జాబితాలో చేర్చింది. ఎవరైనా దూరవిద్యలో చిత్రకళ డిగ్రీ ఇస్తామని ప్రకటిస్తే డబ్బు కట్టకండి. ఏ దూరవిద్య కోర్సుకైనా ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో చూడవచ్చు. అనుమతి సంస్థకు మొత్తంగా ఉంటే చాలదు, ఆ కోర్సుకు విడిగా ఉండాలి.

తేదీల సంగతి మరొకటి. ఇటీవలి సంవత్సరాలలో సీయూఈటీ-పీజీ మార్చిలో జరుగుతోంది, దరఖాస్తులు అంతకు ముందే ముగుస్తాయి. సీపీగెట్ జూలై, ఆగస్టు ప్రాంతంలో ఉంటోంది. డిగ్రీ పరీక్షలయ్యాక జూన్‌లో వెతకడం మొదలుపెట్టినవారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల దారి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. ఒక్క పేపర్ మిగిలిపోయి ఉంటే సప్లిమెంటరీ ఫలితం ఎప్పుడు వస్తుందో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఏ తేదీలోగా చూపాలో రెండూ పక్కపక్కన రాసుకొని చూడండి.

ర్యాంకులు, ఖర్చు

న్యాక్ గ్రేడు సంస్థ మొత్తానికి ఇచ్చేది, ఫలానా శాఖ ఎలా ఉందో అది చెప్పదు. కేంద్ర ప్రభుత్వం ప్రకటించే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులలో ఇంజనీరింగ్‌కు, న్యాయశాస్త్రానికి వేరు జాబితాలు ఉన్నాయి గానీ పత్రికారచనకు, లలితకళలకు లేవు. ఇంజనీరింగ్ కళాశాలలు బాగున్నందువల్ల వచ్చిన ర్యాంకును జర్నలిజం కోర్సు ప్రకటనలో వేసుకునే ప్రైవేటు విశ్వవిద్యాలయాలను నమ్మనక్కరలేదు.

ఖర్చులో ఫీజు ఒక భాగమే. రెగ్యులర్ సీటుకు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు ఫీజులో చాలా తేడా ఉంటుంది. మీకు వచ్చినది ఏదో కేటాయింపు పత్రంలో చూడండి. హాస్టల్ దొరుకుతుందా, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కోర్సుకు వర్తిస్తుందా అన్నవి తెలుసుకోండి. లలితకళల విద్యార్థి రంగులకు, కాన్వాసుకు, నాటక విద్యార్థి రిహార్సళ్ల వల్ల రాత్రివేళ ప్రయాణాలకు పెట్టే ఖర్చు ఏ ప్రాస్పెక్టస్‌లోనూ ఉండదు. దానికి అక్కడ ఇప్పుడు చదువుతున్నవారినే అడగాలి. శాఖ వార్షికోత్సవానికో, నాటక ప్రదర్శనకో, చిత్రప్రదర్శనకో ఒక సాయంత్రం వెళ్తే అలాంటివారు నలుగురు కలుస్తారు.

అభ్యాసం

మీరు చేరాలనుకుంటున్న రెండు కోర్సుల సిలబస్‌లు తీసుకోండి. ఒక్కోదానిలో ప్రాక్టికల్ క్రెడిట్లను గంటలలోకి మార్చి వారానికి ఎన్ని గంటలో కట్టండి. ప్రతి ప్రాక్టికల్ పేపర్‌కు ఎదురుగా దాన్ని బోధించగల అధ్యాపకుని పేరు రాయండి. పేరు దొరకని చోట ఖాళీగా వదలండి. బోధన, పరీక్ష, ప్రాజెక్టు ఏ భాషలోనో మూడు గడులలో నింపండి. ఆ తరువాత, మీ దగ్గర సమాధానం లేని ప్రశ్నలలో ముఖ్యమైన మూడింటిని ఎంచుకొని ఆయా శాఖలకు ఈమెయిల్ రాయండి. వచ్చిన జవాబులతో సహా ఈ కాగితాన్ని మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సెలర్‌కు తదుపరి తరగతి రోజున చూపించండి.